బతికున్నవాడి వాటా

పసురువాన్ బస్టాండు పక్కన పంక్చర్లు వేసే కొట్టు ముందు వినార్ని సైకిల్ దిగేసరికి ఉదయం ఏడున్నర అయింది. కొట్టులో ఉన్నాయన ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగల కోసం వెతుకుతున్నాడు. ఆ ట్యూబుకి చిల్లు లేదు. ఆయనకి పంక్చరు వేయడమూ రాదు.

"గేరు కొత్తదేనా?" అన్నాడు తలెత్తకుండా.

"గేరు కొత్తదే. మోకాళ్ళే పాతవి."

కోడ్ సరిపోయింది. ఆయన పేరు సుగెంగ్, రహస్య విభాగంలో ఆపరేషన్స్ చీఫ్. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన వేసిన వేషాల్లో ఇదొక్కటే నప్పిందని వినార్నికి అనిపించింది గానీ, చీఫ్‌తో అనేమాట కాదు గనక చైన్ చూస్తున్నట్టు కిందకి వంగింది.

"ఐదు అగ్నిపర్వతాల కింద ఉన్న ప్రమాద సైరన్లన్నిటికీ ఒకటే తాళంచెవి," అన్నాడు సుగెంగ్. "వేలిగోరంత చిప్. పది రోజుల కిందట ఒక ఇంజినీరు బ్యాగులోంచి పోయింది."

"తాళం మార్చేయండి సార్."

"మారుస్తున్నాం. ఇంకా ఐదు రోజులు పడుతుంది. ఈలోపల అది సల్ఫర్ ముఠా చేతికి వెళ్ళకూడదు. ఆ ముఠాకి నాలుగు దేశాల్లో ఆఫీసులున్నాయి, ఏ దేశంలోనూ బోర్డు లేదు. చిప్ దొరికిందా, సైరన్లు వాళ్ళ ఇష్టం. అడిగింది ఇవ్వకపోతే మోగాల్సినప్పుడు మోగనివ్వరు."

"అంటే కొండ పేలినా..."

"కింద ఊళ్ళవాళ్ళు అన్నాలు వండుకుంటూనే ఉంటారు. మూడు లక్షల మంది."

వినార్ని చైన్ వదిలేసి తలెత్తింది.

"చేతులు మారేది బ్రోమో కొండ దగ్గర, రేపు, జనం కొండ బిలంలో మొక్కులు చెల్లించే కసద పండగ రోజున. ముఠాలో మనవాడొకడున్నాడు, బాగస్కోరో. పైకి సైకిల్ టూర్లు నడిపే గైడు. పెనంజకన్ వ్యూపాయింట్‌లో ఎనిమిదిన్నరకి జీపులో చేతులు మారుతుందని కబురు చేశాడు. నా మనుషులంతా అక్కడే ఉంటారు. నువ్వు అతని టూర్లో చేరి అతన్ని కనిపెట్టుకుని ఉండు. నీ కవర్: సురబాయాలో స్కూలు టీచర్‌వి. భర్త పోయి రెండేళ్ళయింది."

"పోవడం ఎందుకు సార్? ఊరెళ్ళాడని చెప్పొచ్చుగా."

"మొగుడు పోయిన మనిషిని ఎవరూ ఎక్కువ ప్రశ్నలు వేయరు. అన్నం మాత్రం ఎక్కువ పెడతారు."

చివరగా సుగెంగ్ ఒక సైకిల్ పంపు ఇచ్చాడు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది, కెమెరా ఉంది, మత్తుసూది ఉంది.

"గాలి?" అంది వినార్ని.

"గాలి కొట్టదు," అని ఒప్పుకున్నాడు చీఫ్.

*

తొసారి వెళ్ళే రోడ్డు మొదట చెరకు తోటల మధ్య బుద్ధిగా పోతుంది. పస్రెపాన్ దాటాక దానికి బుద్ధి పోతుంది. ఆకాశం మీద కోపమొచ్చినట్టు నిటారుగా లేస్తుంది. వినార్ని అన్నిటికంటే చిన్న గేరులో పడి, ముందు చక్రం గాల్లోకి లేవకుండా హ్యాండిల్ మీద పడుకున్నంత పని చేస్తూ, ఒక్కో పెడల్‌కీ ఒక్కో పాపం గుర్తుచేసుకుంటూ తొక్కింది. పాపాలకి కొదవ లేదు. ఇంట్లో భర్త గునార్సోకి తాను తనిఖీకి వెళ్తున్నానని చెప్పింది. విద్యాశాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగమని పన్నెండేళ్ళుగా నమ్ముతున్నాడు పాపం. నిన్నటిదాకా ఉద్యోగం ఒక్కటే అబద్ధం. ఇవాళ మనిషినే చంపేసింది.

బాగస్కోరో మాత్రం కొండని మండపం మెట్లెక్కే పెళ్ళికొడుకులా ఎక్కుతున్నాడు. ముప్పై అయిదేళ్ళ వయసు, నల్లకళ్ళజోడు, చెక్కినట్టున్న పిక్కలు. ఆ పిక్కల్ని చూస్తూ టూర్లో ఉన్న ఆరుగురిలో నలుగురు ఆడవాళ్ళు మోకాలి నొప్పులు మర్చిపోయారు. వినార్ని కూడా చూసింది. డ్యూటీ కదా.

పుస్పోలో టీకి ఆగినప్పుడు అతను అందరి సంచులూ విప్పించాడు. "ఇదేంటక్కా, రెండో జత చెప్పులా? కొండెక్కేటప్పుడు గ్రాము కిలో అవుతుంది." తన టూత్‌బ్రష్ తీసి చూపించాడు. పిడి సగానికి కోసేసి ఉంది. "బరువు అంటే నాకు పడదు."

"మీ ఆవిడ అదృష్టవంతురాలు బాబూ," అంది వినార్ని. "సగం బ్రష్‌తో సరిపెట్టుకునేవాడు దేనికైనా సర్దుకుపోతాడు."

అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పిడి సగమే అయినా, పళ్ళు బాగానే తోముకుంటున్నాడు.

*

సాయంత్రం నాలుగింటికి వోనోకిత్రి చేరారు. గోడలా నిలబడ్డ వాలుల మీద ఆలుగడ్డ, ఉల్లి, క్యాబేజీ చేలు. గాలిలో సన్నగా గంధకం వాసన. టూర్ వాళ్ళని ఇళ్ళకి పంచారు. వినార్నికి సుమియాతి ఇల్లు వచ్చింది; ఊరంతా ఆమెని ఇబు అంటారు, అమ్మ అని.

సుమియాతికి అరవై దాటాయి. భుజాల మీద సరోంగ్ గుడ్డ ముడేసుకుని, వచ్చినామెని ముందు గదిలో కుర్చీలో కాక నేరుగా వంటింట్లో పొయ్యి దగ్గర పీట మీద కూర్చోబెట్టింది. ఆ ఊళ్ళో ముందు గదిలో కూర్చోబెడితే అతిథి. పొయ్యి దగ్గర కూర్చోబెడితే మనిషి. పొయ్యి దగ్గర అబద్ధమాడితే ఏమంటారో ఎవరూ చెప్పలేదు. ఎవరికీ ఆ అవసరం వచ్చి ఉండదు.

"చేతులు కాచుకో తల్లీ. మీ ఆయన రాలేదా?"

"పోయారు ఇబూ. రెండేళ్ళయింది."

సుమియాతి ఇంకేమీ అడగలేదు. తెల్ల మొక్కజొన్న అన్నం ఇంకో రెండు గరిటెలు వడ్డించింది. చీఫ్ లెక్క అక్షరాలా నిజమైంది, వినార్ని మాత్రం ఆ అన్నాన్ని పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

పొయ్యి వెచ్చగా ఉంది, కాళ్ళు లాగుతున్నాయి, ముసలామె మంచిగా వింటోంది. అలాంటప్పుడు ఎంత ట్రైనింగ్ ఉన్నా నోరు జారుతుంది. గునార్సో గురించి చెప్పుకుంటూ పోయింది: గురక, విప్పి మళ్ళీ బిగించలేకపోయిన రేడియోలు, మంచం మీద పడేసే తడి తువ్వాలు. "ఎన్నిసార్లు చెప్పినా వినరు ఇబూ, గోడకి చెప్పినట్టే," అని, చటుక్కున "వినేవారు కాదు," అని దిద్దుకుంది. సుమియాతి ఊఁ కొడుతూ పొయ్యిలోకి కట్టెలు ఎగదోసింది.

మూలన వెదురు తట్టలో మొక్కు మూట కడుతున్నారు. పోయినేడు సుమియాతి భర్త కార్తోకి రెండు కళ్ళూ మసకబారిపోతే, చూపు వస్తే తొలిపంట ఆలుగడ్డ, ఒక నల్లకోడి కొండ బిలంలో సమర్పిస్తానని మొక్కుకుంది. ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. ఇప్పుడు కార్తో అరుగు మీద కూర్చుని పోయేవచ్చేవాళ్ళ బట్టల మీద వ్యాఖ్యానం చేస్తున్నాడు.

"దేవుడు తన పని చేసేశాడు," అంది సుమియాతి. "ఇక నా వంతే. ఈ ముడి నేను కట్టాలి, కొండ అంచున నేనే విప్పాలి. మధ్యలో ఎవరు విప్పినా మొక్కు చెల్లదు, మళ్ళీ ఏడాది ఆగాలి. అప్పటికి ఆయన కళ్ళు ఎలా ఉంటాయో, నేనుంటానో లేదో!"

"విసిరినవి లోపల వలలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు పట్టేసుకుంటారట కదా?"

"పట్టుకోనీ. మేం విసిరేది దేవుడికి. ఆయన వదిలింది వలవాళ్ళకి. అందులో దొంగతనం లేదు."

వెళ్ళలేనివాళ్ళు తమ మొక్కుల్ని వెళ్ళేవాళ్ళ మూటలో పెట్టి పంపడం అక్కడ మామూలే. పక్కింటావిడ రెండు ఉల్లికట్టలు తెచ్చింది. ఎదురింటాయన బంతిపూలు ఇచ్చాడు. అప్పుడే బాగస్కోరో తలవంచి వంటింట్లోకి వచ్చి, ఎర్రదారం చుట్టిన క్యాబేజీ ఒకటి రెండు చేతులతో అందించాడు.

"మా అమ్మ మొక్కు, ఇబూ. పసురువాన్ నుంచి తెచ్చాను."

అతను వెళ్ళాక సుమియాతి కడుపు పట్టుకుని నవ్వింది. "తాతకి దగ్గులు నేర్పినట్టుంది! మా ఊరికి క్యాబేజీ మోసుకొచ్చాడు, అదీ కింద బజారు సరుకు!" అయినా మొక్కు మొక్కే గనక జాగ్రత్తగా సర్దింది. తర్వాత అరటాకులో ఇంత అన్నం, ఒక బంతిపువ్వు పెట్టి మడిచి, వినార్ని వైపు చూడకుండా అంది: "ఇది మీ ఆయన పేరున. పోయినవాళ్ళకీ ఒక వాటా ఉండాలి."

మొగుడు నిక్షేపంలా బతికుండగా, కళ్ళెదుట అతనికి పిండం మూటలో చేరింది. సుమియాతి ముడి వేసింది.

*

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బాగస్కోరో పళ్ళు తోముకుంటున్నాడు. ఆ సగం బ్రష్ చూడగానే వినార్ని చేతిలోని చెంబు దానంతటదే వంగి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

గ్రాము కిలో అవుతుందన్న మనిషి. పిడి బరువు భరించలేక కోసేసుకున్న మనిషి. కిలోన్నర క్యాబేజీని నలభై కిలోమీటర్లు కొండ మీదకి తొక్కుకొచ్చాడు.

వ్యూపాయింట్ లేదు, జీపు లేదు. చీఫ్ మనుషుల్ని అక్కడ నిలబెట్టించి, బాగస్కోరో చిప్‌ని మొక్కుల మూటలో బిలం దాకా పంపిస్తున్నాడు. లోపల వల పట్టుకుని ఎవడో కాచుకుని ఉంటాడు. పోలీసులు సంచులు వెతుకుతారు, జీపులు వెతుకుతారు. దేవుడి మూట ఎవరు విప్పుతారు? బాగస్కోరో ముఠాలో మనవాడు కాదు. మనలో ముఠావాడు.

వినార్ని వంటింట్లోకి పరుగెత్తింది. మూట దగ్గర సుమియాతి తనకోసమే చూస్తోంది.

"మంచిదానివి, వచ్చావా! లారీలో జనం తొక్కేస్తే కోడి చస్తుంది తల్లీ. నీ సైకిల్‌కి వెనక క్యారియర్ ఉందిగా, ఈ తట్ట నువ్వు తీసుకురా. కింద ఇసుకలో, బిలానికెక్కే మెట్ల దగ్గర కలుద్దాం. నీ చేతిలో పెట్టానంటే నాకు బెంగ లేదు."

తట్ట తన చేతుల్లోకి వచ్చింది. పైన కాళ్ళు కట్టిన నల్లకోడి, కింద గుడ్డ, దాని మీద సుమియాతి ముడి. మూడు లక్షల ప్రాణాల తాళంచెవి రెండు పొరల కింద ఉంది. మూడు దేశాల్లో తుపాకులు చూపించినా ఇంత సులువుగా ఎవరూ ఏదీ ఇచ్చింది లేదు.

ఊరు దాటి, సరుగుడు చెట్ల మధ్య ఎత్తెక్కాక పంపు నోటి దగ్గర పెట్టుకుని సంగతంతా చెప్పింది.

"మూట నీ సైకిల్ మీదే ఉందా? ఇంకేం!" అన్నాడు సుగెంగ్. "డింగ్లిక్ మలుపులో కుడికి తిరిగి నా దగ్గరికి వచ్చేయ్."

"ముడి విప్పితే ఆవిడ మొక్కు చెల్లదు సార్. ఏడాది..."

"ఏడాది ఆగమను! మూడు లక్షల మంది, వినార్నీ."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే బాధ.

డింగ్లిక్ మలుపు వచ్చింది. కుడివైపు వ్యూపాయింటు. ఎడమవైపు రోడ్డు, బ్రోమో చుట్టూ పరుచుకున్న ఇసుక సముద్రంలోకి దూకుతుంది. వినార్ని ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడింది. హ్యాండిల్ కుడికి తిప్పింది. నిజంగానే తిప్పింది. రెండు పెడళ్ళు తొక్కింది కూడా. వెనక కోడి క్కొ అంది. అది మామూలు క్కొ, కోళ్ళన్నీ అనేదే. అయినా వినార్ని బ్రేకు వేసింది.

"సార్, మూట తెస్తే చిప్ దొరుకుతుంది గానీ వలవాడు జారిపోతాడు. ఇద్దర్నీ పట్టిస్తాను. మీ వాళ్ళని మెట్ల కిందకి పంపండి." ఇది వృత్తిపరమైన కారణం. రిపోర్టులో రాయడానికి బాగుంటుంది. అసలు కారణం రాయడానికి కాలం లేదు. చీఫ్ ఏదో అరుస్తుండగా పంపు కట్టేసి ఎడమకి తిరిగింది.

దిగుడులో బ్రేకులు కాలిన వాసన గంధకం వాసనని మించిపోయింది. మలుపు మలుపుకీ కోడి ఒక రెక్క విప్పి బ్యాలెన్సు చేసింది. సగం దిగాక బాగస్కోరో పక్కకి వచ్చాడు.

"బరువైతే నేను తీసుకుంటానక్కా."

"వద్దులే బాబూ. నీకు బరువు పడదుగా."

కళ్ళజోడు వెనక అతని కళ్ళు ఎటు చూశాయో తెలియలేదు. మెట్ల దాకా ఆమె వెనక చక్రాన్ని మాత్రం వదల్లేదు.

బూడిదరంగు ఇసుకలో చక్రాలు పిడికెడు లోతున దిగబడుతుంటే దిగి నెట్టుకుంటూ, చెమటతో మెట్ల దగ్గరికి చేరింది. సుమియాతి లారీ దిగి నిలబడి ఉంది. ముడి చూసింది. ముడి మీద చెయ్యి వేసి, కళ్ళకద్దుకుంది.

"పైకి నడు తల్లీ."

"మోకాళ్ళు పట్టేశాయి ఇబూ. మీరు వెళ్ళండి, నెమ్మదిగా వస్తాను." ఇది కూడా అబద్ధమే. లెక్కపెట్టడం మానేసింది.

*

సుమియాతి, ఆమె వెనక బాగస్కోరో, జనంలో ఒక్కో మెట్టూ ఎక్కుతుండగా, వినార్ని తలకి సరోంగ్ చుట్టుకుని పక్కనున్న బూడిద వాలు మీదుగా పాక్కుంటూ అంచు చేరి లోపలికి దిగింది. కింద పొగ. పొగ అడుగున ఏదో పెద్ద కుండ ఉడుకుతున్న చప్పుడు. వాలు మీద మడమలు దిగేసి నలభై మంది బొంగు వలలు పట్టుకుని నిలబడ్డారు.

"కాస్త చోటివ్వండి అన్నా," అంది మొదట కనబడ్డ ముసలాయనతో. పేరు తిర్తో, నోట్లో మూడు పళ్ళు.

"ఆడవాళ్ళకి చోటివ్వం."

"దేవుడికి కోపమా?"

"దేవుడికేం లేదు. మీరొస్తే మాకంటే ఎక్కువ పట్టుకుపోతారు." అంటూనే జరిగాడు.

వినార్ని నలభై ముఖాలూ చూసింది. అందరూ బూడిద కొట్టుకుని ఒకేలా ఉన్నారు. వీళ్ళలో ఎవడు? పైన అంచు మీద సుమియాతి కనిపించింది. ముడి విప్పింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. ముందుగా నల్లకోడిని కట్లు విప్పి గాల్లోకి వదిలింది.

కోడి రెక్కలు కొట్టుకుంటూ, తిట్టుకుంటూ దిగి, ఎడమవైపు కొత్త బూట్లు వేసుకున్న ఒకడి వలలో సరిగ్గా పడింది. అతను వలని దులిపాడు. కోడి బయటపడి పొగలోకి పోయింది. అతని చూపు అంచు మీదే ఉంది.

తిర్తో నోరు తెరుచుకుంది. ఆ వాలు మీద ఆలుగడ్డ వదిలేసినవాడు ఉండొచ్చు, పువ్వు వదిలేసినవాడు ఉండొచ్చు. ప్రాణమున్న కోడి ఒళ్ళో పడితే దులిపేసుకున్నవాడు ఆ కొండ పుట్టాక లేడు.

"చూశారా అన్నలూ!" వినార్ని గొంతు చించుకుంది. "దేవుడిచ్చిన కోడిని దులిపేశాడు!"

"ఎవడ్రా వాడు?" "ఏ ఊరోడు?" "కళ్ళు నెత్తికెక్కాయా?" వలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఎర్రదారం చుట్టిన క్యాబేజీ వచ్చింది. బూట్లవాడు వల చాచాడు. నాలుగు వలలు అతని తల మీద పడ్డాయి. క్యాబేజీ రాయికి తగిలి, ఎగిరి, ఆకులు రాల్చుకుంటూ పొగ వైపు దొర్లింది. వినార్ని బోర్లా పడి చెయ్యి చాపింది. అందలేదు. ఇంకో మూర దొర్లితే పొగలోకే. అప్పుడు తిర్తో తాపీగా బొంగు వాల్చి, కాలువలో చేపని తీసినట్టు, దాన్ని ఎత్తాడు.

"అది నాకివ్వు అన్నా!"

"ఎందుకిస్తాను? నా వలలో పడింది, నాది."

అది ఆచారం. ప్రభుత్వానికైనా వర్తిస్తుంది. వినార్ని మత్తుసూది గురించి ఒక్క క్షణం ఆలోచించి, సిగ్గుపడి, "ఏం కావాలో చెప్పు," అంది.

"ఇందాక కింద సైకిల్ నెట్టుకొచ్చింది నువ్వేగా? గేరు కొత్తదల్లే ఉంది."

ఇచ్చేసింది. ఆరో ఆకు కింద, మైనం కాగితంలో, చిప్ ఉంది.

పైన బాగస్కోరో అప్పటికే వెనక్కి తిరిగాడు. కానీ పండగ రోజు బ్రోమో మెట్ల మీద ఎక్కడమే ఉంటుంది, దిగడం ఉండదు. మేకలు, తట్టలు, ముసలమ్మలు, ఎదురుగా రెండువందల యాభై మెట్ల నిండా జనం. ఆ పిక్కలు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. ఆరో మెట్టు మీద ఒక మేక అతన్ని నిలేసింది. మిగతాది సుగెంగ్ మనుషులు చూసుకున్నారు.

వినార్ని ఇంకా వాలు మీదే ఉంది. అంచు నుంచి ఆఖరున ఒక చిన్న అరటాకు పొట్లం జారి వచ్చింది. వలలన్నీ బూట్లవాడి మీద ఉన్నాయి. ఎవరూ పట్టుకోలేదు. అది ఆమె చెవి పక్కనుంచే పోయి పొగలో కలిసింది.

*

మధ్యాహ్నం పొయ్యి దగ్గర సుమియాతి ఆలుగడ్డలు వేయిస్తోంది. వినార్ని పీట మీద కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"ఇబూ, మా ఆయన పోలేదు. బతికే ఉన్నారు."

"తెలుసు."

"ఎలా?"

"పోయినవాళ్ళు బంగారమైపోతారు తల్లీ. తడి తువ్వాలు పడేస్తాడని ఎవరూ తిట్టరు."

"మరి వాటా ఎందుకు వేశారు?"

"నువ్వు అబద్ధం చెప్పావు. అదీ ఎప్పటికైనా పోవాల్సిందేగా? దానికో ముద్ద పెట్టాను." సుమియాతి నవ్వింది.

ఆ నవ్వుకి వినార్నికి ధైర్యం వచ్చింది, రాకూడనంత వచ్చింది. క్యాబేజీలో ఏముందో, తాను ఎవరో, మలుపు దగ్గర హ్యాండిల్ కుడికి ఎలా తిప్పిందో అంతా చెప్పేసింది.

సుమియాతి నవ్వు ఆగింది. పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. మళ్ళీ లోపలికి తోసింది.

"ఎంత దూరం తొక్కావు, అటు?"

"రెండు పెడళ్ళు."

"ఆ సంగతి నాకు చెప్పకపోతే నీకేం పోయేది?" అంది. గొంతులో కోపం లేదు, అందుకే తట్టుకోవడం కష్టమైంది. పళ్ళెంలో అన్నం పెట్టింది. నిన్నటికంటే ఒక గరిట తక్కువ. వినార్ని మొత్తం తినేసింది.

సైకిల్ లేదు గనక కిందకి ఆలుగడ్డల లారీలో బస్తాల మీద వెళ్ళింది. పుస్పో దగ్గర సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేసింది.

"బాగున్నావా?" అంది.

అవతల రేడియో ముక్క ఏదో కింద పడింది.

"ఏం చేశావు?" అన్నాడు గునార్సో.

"ఏం లేదు. బాగున్నావా లేదా?"

"పన్నెండేళ్ళలో తనిఖీకి వెళ్ళి ఒక్కసారైనా ఆ మాట అడిగావా? నిజం చెప్పు వినార్నీ, ఏం చేశావు?"

మూడు దేశాల పోలీసులు గుచ్చి గుచ్చి అడిగినా పేరు కూడా చెప్పని వినార్ని, సిగ్నల్ పోయినట్టు నటించి ఫోన్ పెట్టేసింది.